తలుపు లేని చేపలు

"మజర్ వైరు ఒలవాల్నంటే పండ్లతోని ఒలుస్తడు. ఇది పండ్ల పని కాదు సదానందం," అన్నాడు పర్శరాములు. తొట్టి గట్టు మీద గొంతుక్కూర్చుని తొట్టిలోకి దిగే మోటారు వైరును కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు.

సీఐ సదానందం నవ్వాడు. ఆ నవ్వంటే పర్శరాములుకు ఒళ్లు మంట, అది ఈనాటిది కాదు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరారు. తర్వాత ఒకడు పైవాళ్లతో పడక రాజీనామా కాగితం వాళ్ల మొహాన కొట్టి, కొత్తవాడలో చీరల దుకాణం పైన డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. రెండోవాడు ఎవరితో ఎలా పడాలో నేర్చుకుని సీఐ అయ్యాడు. ఎక్కడ ఎదురుపడినా "దుకాణం ఎట్ల నడుస్తాంది?" అని అడగనిదే వదలడు. ఇవాళ గేటు దగ్గరే అడిగేశాడు.

"పండ్లు గాకుంటే కత్తి పడ్తడు. రేపు కోర్టుల ఆయన పండ్లు చూపిస్తవా ఏంది?"

"చూపిస్త. ముందటి పన్ను సగం లేదు. వైర్లు కొరికి కొరికి అరిగింది. జేబుల కటింగ్ ప్లేయర్ పెట్టుకొని గూడ పండ్లతోనే పీకుతడని ఇక్కడ అందరికి ఎర్కే. అడిగి చూడు."

వైరు చుట్టూ రబ్బరు మీద సన్నటి గీత గీసి, లోపలి రాగికి గాటు పడకుండా, పండు తొక్క తీసినంత శుభ్రంగా తీశారు. తీసిన చోటు సరిగ్గా నీళ్లలో మునుగుతుంది. ధర్మసాగర్ దగ్గరి ఈ చేపపిల్లల కేంద్రంలో నిన్న పొద్దున డాక్టర్ దేవదాస్ ఆ తొట్టిలోనే చేయి పెట్టాడు. రోజూ పెట్టేవాడు. తన చేపల్ని చేత్తో తాకి చూడనిదే ఆ శాస్త్రవేత్తకు పొద్దు గడిచేది కాదు, ఈ సంగతి ఇక్కడ పనిచేసే వాళ్లందరికీ తెలుసు. చేయి ముంచిన మరుక్షణం కరెంటు కొట్టి అక్కడికక్కడే పోయాడు.

నీళ్లలోకి గాలి కొట్టే మోటారు చూసుకునేవాడు మజర్. కాబట్టి చంపినవాడూ మజరే అని సదానందం తేల్చేశాడు. సాయంత్రం అయిదింటికి అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హంతకుడని ఒకసారి పేరు పడ్డాక దాన్ని తుడిచే ఓపిక ఎవరికీ ఉండదని పర్శరాములుకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే, మజర్ భార్య ఫిర్దోస్ పొద్దున్నే ఆఫీసు మెట్ల మీద కూర్చుని "అన్నా, ఆయన చీమను గూడ తొక్కడు" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడిస్తే, పోసుకున్న చాయ్ అట్లాగే వదిలేసి వచ్చాడు.

"కారణం గావాల్నా నీకు?" సదానందం గట్టు మీద బూటు ఆనించాడు. "వారం సంది పెద్ద చేపలు సస్తానయ్. రాత్రి మోటర్ బంద్ జేసి పండుకుంటానవ్, నా చేపలను నువ్వే సంపుతానవ్ అని మొన్న దేవదాస్ సారు అందరి ముందట తిట్టిండు. రేపటి సంది రావద్దన్నడు. తెల్లారేసరికి సారు పాణం పోయింది. ఇంకేం గావాలె?"

"నిన్న తెల్లారగట్ల నమాజుకు పొయ్యేటప్పుడు మోటర్ బంద్ జేసిన అంటాండు గద."

"అంటడు. అచ్చి చూసేటాల్లకు మోటర్ దానంతటదే నడుస్తాందట. దయ్యం ఏసిందా?"

"దయ్యం గాకుంటే మనిషి. బోర్డు బయటి గోడకుంది, తాళం లేదు. తొవ్వల పొయ్యేటోడు గూడ స్విచ్చేస్తడు."

"పరేషాన్ గాకు పర్శరాములూ. నీ దుకాణానికి ఇది సరిపడే కేసు గాదు." సదానందం గడియారం చూసుకున్నాడు. "సచ్చిన చేపలను ఐస్ డబ్బాల పెట్టిండ్రు. వాసనకు ఆగలేకపోతానం. సున్నమేసి పూడ్సుమన్న."

"నేను చూసేదాక పూడ్సద్దు."

"చేపల నోట్లకెళ్లి వాంగ్మూలం తీసుకుంటవా?"

"నీ సాక్షుల కంటె అయ్యే నయం," అనేసి పర్శరాములు లేచాడు.

ల్యాబు తొట్ల వెనకే, ఒక్క గది. లోపల మహిత సీసాలు సర్దుతోంది. దేవదాస్ దగ్గర పరిశోధన చేస్తున్న హన్మకొండ అమ్మాయి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, చేతులు మాత్రం వణకడం లేదు. గురువు పోయిన మర్నాడే సీసాలు సర్దడమేమిటని పర్శరాములుకు అనిపించింది. దుఃఖం వచ్చినప్పుడు తన తల్లి కూడా ఇంట్లో గిన్నెలన్నీ తీసి తోమేదని గుర్తొచ్చి ఆ అనుమానాన్ని తనే చంపుకున్నాడు. అది తప్పని తర్వాత తెలిసింది.

"సారు ఏం పని జేస్తుండెనమ్మా? నాకు సమజయ్యేటట్టు చెప్పు. నేను సాలోళ్ల పోరన్ని, మగ్గం భాషల చెప్పినా సరే."

మహిత కొంచెం నవ్వింది. గోడ మీది బొమ్మ చూపించింది. దేవదాస్ స్వయంగా గీసిన రెండు చేపలు. మొదటి దానిలో కాలేయం నుంచి, అంటే కార్జం నుంచి, గుడ్ల వైపు ఎర్ర బాణాలు ఉన్నాయి.

"చేప గుడ్డుల పచ్చసొన ఉంటది గద సర్. అది గుడ్డు సొంతంగ తయారుచేసుకోదు. తల్లి కార్జంల తయారైతది. రక్తంల పడి అండాశయం దాక అస్తది. గుడ్డు పొర మీద దానికి తలుపులుంటయ్, రిసెప్టర్లంటం. రక్తంల పోతాన్న ఆ సొన ప్రొటీన్‌ను తలుపు పట్టుకుంటది, లోపలికి గుంజుకుంటది. మళ్ల తలుపు పైకొచ్చి ఇంకొంత పడ్తది. అట్ల గుడ్డు నిండుతది. పిల్లకు పొదిగినంక అదే తిండి."

"తలుపు లేకపోతే?"

"సొన రక్తంలనే తిరుగుతది. గుడ్డు ఖాళీగ ఉంటది."

"మరి ఈ రెండో బొమ్మ?"

రెండో చేపలో కార్జం ఉంది, ఎర్ర బాణం బయల్దేరింది కానీ చేరే చోటు లేదు. బాణం కొసన దేవదాస్ ఒక ప్రశ్న గుర్తు పెట్టి, దాని చుట్టూ గట్టిగా సున్నా చుట్టాడు. ఆ సిరా కొత్తది.

"అది మగది సర్." మహిత ఒక సీసా మూత బిగించింది. "మగదాని కార్జానికి గూడ సొన తయారుచేసే శక్తి ఉంటది. ఆడ హార్మోన్ తగిల్తేనే అది లేస్తది. మామూలుగ తగల్దు. అందుకే మగదాని రక్తంల సొన ప్రొటీన్ కనపడదు."

"తగిల్తే?"

"పుస్తకాలల్ల ఉంది సర్. దాన్ని గుంజుకునే గుడ్లు లేవు గద. రక్తం చిక్కనై కిడ్నీలు పోతయ్. కడుపుల నీరు నిండుతది." గొంతు మామూలుగానే ఉంది. "సారుకు మగ చేపలంటే పానం. వానలు పడ్డయ్, పిల్లలు తీసే సీజన్. ఇప్పుడు మగయే సచ్చిపోతే ఎట్లనని, అందుకే మజర్ మీద అంత కోపం జేసిండ్రు."

పర్శరాములు తల ఊపాడు. అతని చూపు అప్పటికే బల్ల మీదికి పోయింది. చేపల్ని కోసే సన్నటి కత్తి పిడి ఒకటి అక్కడుంది. పిడికి బ్లేడు లేదు.

"బ్లేడేదమ్మా?"

"విరిగింది సర్. పడేసిన."

"నీ పనేంది ఇక్కడ? సారు పనేనా?"

"నాది దాణా సర్. ములుగు అడవి గడ్డల పొడి. అది తింటే తల్లి చేపలు నెల ముందే తయారైతయ్. దాన్ని కొనే కంపెనీ వాళ్లు వచ్చే వారం చూడనీకి వస్తాండ్రు." ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె కళ్లలో ఒక వెలుగు వచ్చి పోయింది. అంత వెలుగు గురువు పేరెత్తినప్పుడు రాలేదు.

అప్పుడే ఫిర్దోస్ గుమ్మంలోకి వచ్చింది. ఆమె కూడా ఇక్కడే కూలి, తవుడూ గానుగ చెక్కా కలిపి చేపలకు దాణా ముద్దలు కడుతుంది.

"అన్నా, ఒకటి యాదికొచ్చింది. మొన్న మాపటీలి దేవదాస్ సారు నా దగ్గరికొచ్చి, దాణాల ఏమేం కలుపుతానవ్ అని అడిగిండు. మహిత మేడమిచ్చే డబ్బాల పొడి గూడ కలుపుతాన అన్న. ఇదివరకు ఆ పొడి మట్టి వాసనొచ్చేది, గీ నెల సంది ఏ వాసన రాదు అని గూడ చెప్పిన. డబ్బాలకెళ్లి చిటికెడు కాగితంల కట్టుకొని పోయిండు."

"గడ్డలు ఎక్కువ ఎండితే వాసన పోతది," అంది మహిత.

"ఆ డబ్బా ఉందా?" పర్శరాములు అడిగాడు.

ఉంది. అడుగున గుప్పెడు తెల్లటి పొడి మిగిలింది. మనసులో ఏదో మెదిలింది గానీ దారం కొస దొరకలేదు. డబ్బాను గుడ్డసంచిలో వేసి, మూతి ముడేసి ఫిర్దోస్ చేతికిచ్చాడు. "కోర్టు దగ్గర మన వకీలు ఉంటడు. ఇది ఆయన చేతుల్నే పెట్టు. తొవ్వల ఎవ్వలకియ్యకు. నువ్వు సారుతోని మాట్లాడింది గూడ ఆయనకు చెప్పు."

"బస్సు ఇప్పుడే పాయె అన్నా. అయిదిటి వరకు ఎట్ల పోవాలె?"

"నేను హన్మకొండకే పోతాన," మహిత కారు తాళాలు తీసుకుంది. "కోర్టు కాడ దింపుత. ఫికర్ చేయకక్కా."

మజర్‌ను చూడొచ్చన్న ఆశతో ఫిర్దోస్ మొహం విచ్చుకుంది. పర్శరాములు కారు తలుపు తనే తీసి ఆమెను ఎక్కించాడు. పాపం, ఆ మర్యాదొకటి.

కారు గేటు దాటాక అతను చేపల దగ్గరికి నడిచాడు. ఐస్ డబ్బా ముందు మొగిలయ్య నిలబడి ఉన్నాడు. ఈ కేంద్రానికి అతనే పెద్దమేస్త్రి, జుట్టు ఇక్కడే నెరిసింది. సున్నం సంచి సగం విప్పి ఉంది. వెనకే సదానందం ముక్కుకు రుమాలు కట్టుకుని తయారయ్యాడు.

"ఎన్ని పోయినయ్ మొగిలన్నా?"

"పదకొండు. నాలుగు మగయి, ఏడు తల్లులు." మొగిలయ్య డబ్బా మూత తీశాడు. "ఏడు తల్లులు పాయె పర్శరాములన్నా. నా చేతుల మీద పెరిగినయ్."

"ఆడదని మగదని ఎట్ల చెప్తవ్?"

"రెక్క పట్టుకుంటె ఎర్కైతది. మొప్పల కింద రెక్కలుంటయ్ గద, ఈ సీజన్ల మగదానిది గరుకుగ ఉంటది, ఇసుక కాయితం లెక్క. తల్లిది నున్నగ. కడుపు గూడ ఉబ్బుతది. చీకట్ల నీళ్లల్ల చెయ్యి పెట్టి గూడ చెప్త నేను."

పర్శరాములు ఒక్కో చేపనూ తీసి రెక్క మీద వేలు రాశాడు. నాలుగు కొంచెం గరుకు. ఏడు నున్నగా, కడుపులు ఉబ్బి, నొక్కితే లోపలికి దిగుతున్నాయి. వేలు ఏడో చేప మీద ఆగింది. ఎక్కడో లెక్క తప్పుతోంది. తల్లులకు గుడ్లున్నాయి, గుడ్లకు తలుపులున్నాయి. ఎంత సొన వచ్చినా దాచుకునే చోటుంది. అలాంటప్పుడు కడుపులో నీరు నిండేది ఎవరికి?

"మొగిలన్నా, కత్తి దే. ఈ తల్లిని కోయి."

"తల్లిని కోసుడేందన్నా?"

"సచ్చింది గద, కోయి."

మొగిలయ్య కోశాడు. కడుపులోంచి పసుప్పచ్చటి నీళ్లు భళ్లున కారాయి. గుడ్లు లేవు. వెన్నెముక పక్కన రెండు తెల్లటి సన్నటి పట్టీలు మాత్రం ఉన్నాయి. వాటిని చూసి మొగిలయ్య కత్తి కింద పెట్టేశాడు.

"ఇవి మగదానికుండేయి," అన్నాడు నెమ్మదిగా.

"ఇంకోటి కోయి."

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఏడింటినీ కోసేసరికి నేల పచ్చటి నీళ్లతో తడిసిపోయింది. ఒక్కదానిలో ఒక్క గుడ్డు లేదు. మొగిలయ్య తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"నా చెయ్యి నన్ను మోసం జేసిందా?"

"నీ చెయ్యి మోసం జెయ్యలే. ఆ రెక్కల గరుకును హార్మోన్ అరగ్గొట్టింది. ఆడదయితే ఎట్లుంటదో మగదాన్ని అట్ల జేసింది." పర్శరాములు లేచి సదానందం వైపు తిరిగాడు. "సచ్చిన పదకొండు మగయే. ఇను సదానందం. మోటర్ బంద్ అయి గాలి అందకపోతే ఆడయి మగయి అన్నీ సావాలె. తొట్టిల ఒక్క తల్లి సావలే. అంటే రాత్రుల్ల మజర్ పండుకోలే, మోటర్ ఆపలే. నీ కేసుకు ఉన్న ఒక్క కారణం గదే."

"అయితే మరి ఏంది?" రుమాలు వెనక నుంచి సదానందం గొంతు. ఆ గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

"మహిత పొడి డబ్బాల ఎవలో ఆడ హార్మోన్ కలుపుతాండ్రు. అది తిని తొట్టిల ఉన్న ప్రతి చేప కార్జం సొన తయారు చేసింది. తల్లులకు గుడ్ల తలుపులున్నయ్, గుంజుకున్నయ్, నెల ముందే నిండినయ్. చూసేటోనికి ఎంత గొప్ప దాణా అనిపిస్తది. మగయేమో తలుపు లేని చేపలు. సొన పొయ్యే తొవ్వ లేక రక్తంల తిరిగి తిరిగి కిడ్నీలు పాడై సచ్చినయ్. దేవదాస్ సారు మొన్న పొద్దటిదాక మజర్‌దే తప్పనుకున్నడు. మాపటీలి ఫిర్దోస్‌తోని మాట్లాడినంక అసలు సంగతి తెలిసింది. తెల్లారి మగదాని రక్తం తీసి చూద్దామని తొట్టిల చెయ్యి పెట్టిండు. ఆ రక్తం చూస్తే అంతా బయటపడ్తుండె. అది చూడనియ్యద్దనుకున్నోళ్లే వైరు ఒలిసిండ్రు."

సదానందం రుమాలు విప్పేశాడు. చేపల వైపు, తర్వాత తొట్టి వైపు చూశాడు. "మగయే సచ్చినయని నీకు ముందే ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. ఇప్పుడే గద..."

పర్శరాములు గబుక్కున మొగిలయ్య వైపు తిరిగాడు.

"మొగిలన్నా, సచ్చిన చేపల లెక్క ఎవలెవలకు చెప్పినవ్?"

"అందరికి చెప్పిన."

"ఏమని చెప్పినవ్?"

"ఏడు తల్లులు, నాలుగు మగయి అనే చెప్పిన. నాకు ఎర్కైందే అది గద."

"దేవదాస్ సారుకు?"

"సారుకు గూడ అదే చెప్పిన. తల్లులు పాయెనని మొత్తుకున్నడు. అందుకే మజర్‌ను అన్ని తిట్లు తిట్టిండు."

"మహితకు?"

"మహితమ్మ ముందట నేను ఏడ్సిన గూడ. ఏడు తల్లులు పాయెనమ్మా అని."

మగయే సచ్చిపోతే ఎట్లనని సారు కోపం జేసిండ్రు. అరగంట కింద ఆ గదిలో, సీసా మూత బిగిస్తూ, మహిత అన్న మాట అది. ఈ కేంద్రంలో ప్రతివాడూ చచ్చినవాటిలో ఏడు తల్లులున్నాయని నమ్ముతున్నాడు. ఆఖరికి దేవదాస్ తిట్టింది కూడా తల్లుల కోసమే. చచ్చినవన్నీ మగవేనని, కడుపు కోయకుండా తెలిసిన మనిషి ఒక్కరే. ఎందుకు చస్తున్నాయో ముందే తెలిసిన మనిషి. బ్లేడు లేని పిడి, గోడ బొమ్మ మీది కొత్త సిరా, వాసన పోయిన పొడి, వచ్చే వారం వచ్చే కంపెనీ, అన్నీ ఒక్కసారిగా వచ్చి కుదురుకున్నాయి. చేపలు ఏం జరిగిందో చెప్పగలవు. ఎవరు చేశారో చెప్పాలంటే ఆ డబ్బా కావాలి, ఫిర్దోస్ నోరు కావాలి.

ఆ రెంటినీ తన చేత్తోనే ఆ కారెక్కించాడు. తలుపు కూడా తనే తీశాడు.

ఫోను తీసి ఫిర్దోస్‌కు కొట్టాడు. మోగింది. ఇంకా మోగింది. ఎత్తింది.

"అన్నా." గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. వెనక గాలి హోరు. "కోర్టు తొవ్వ గాదన్నా ఇది. చెరువు కట్ట మీద ఆపింది. దిగి నిలబడ్డది. సంచి ఇటియ్యి, నేనే వకీలుకిస్త, నువ్వు జర దిగిరా అంటాంది. నువ్వు ఎవ్వలకియ్యద్దంటివి గద."

సదానందం అప్పటికే జీపు వైపు పరుగెత్తాడు.

"ఫిర్దోస్, చెప్పింది ఇను బిడ్డా. దిగకు. కారు తలుపులు లోపటికెళ్లి లాక్ చెయ్యి. ఇంకా అడిగితే అద్దంలకెళ్లి సంచి ఇచ్చెయ్."

ఆమెకు అంతా అర్థమైందని ఆ గొంతులోనే తెలిసింది.

"ఇస్తే మజర్ ఇంటికి రాడు గదన్నా," అంది ఫిర్దోస్.

"ఇచ్చెయ్ బిడ్డా, నీ పానం ముఖ్యం, మజర్‌ను నేను తీసుకొస్త," అని పర్శరాములు జీపు వెంట పరుగెడుతూ అరిచాడు. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడింది. అది లోపలి నుంచి ఫిర్దోస్ తీసిందో బయటి నుంచి మహిత తీసిందో తెలిసేలోగా ఫోను ఆగిపోయింది.